కాపీ కంటెంట్ వల్ల ర్యాంక్ పడిపోయిందా? వెతికి, తేల్చి, సరిదిద్దుకోండి ఇలా

మీ సైట్‌లో ఒక పేజీ నిన్నటిదాకా గూగుల్ మొదటి పేజీలో కనిపించింది, ఇవాళ ఎంత వెతికినా కనబడటం లేదు అనుకోండి. చాలామందికి వెంటనే వచ్చే అనుమానం ఒకటే: కాపీ కంటెంట్ ఉందని గూగుల్ పెనాల్టీ వేసిందేమో! ఆ టెన్షన్‌లో పేజీలకు పేజీలు డిలీట్ చేసేసినవాళ్లను చూశాను. ఆ తొందరలో బాగా నడుస్తున్న పేజీలు కూడా పోయాయి, వాటికి ఏళ్లపాటు వచ్చిన లింకులూ పోయాయి. దయచేసి మీరు ఆ పని చేయకండి. ముందు లోపల ఏం జరుగుతోందో తెలుసుకోండి, ఆ తర్వాతే పేజీల మీద చెయ్యి వేయండి.

పెనాల్టీ అనే మాట కాసేపు పక్కన పెట్టండి

ఒకే రాత రెండు చోట్ల ఉన్నంత మాత్రాన పెనాల్టీ పడదు. గూగుల్ ఈ మాట 2008లోనే వెబ్‌మాస్టర్లకు స్పష్టంగా చెప్పింది. అప్పట్లో గూగుల్ వెబ్‌స్పామ్ బృందాన్ని నడిపిన మాట్ కట్స్, వెబ్‌లో ఉన్న కంటెంట్‌లో 25 నుంచి 30 శాతం దాకా డూప్లికేటే ఉంటుందని 2013లో ఒక వీడియోలో అన్నారు. ఒక కోట్‌ను వందమంది తమ పేజీల్లో పెట్టుకుంటారు, ఒక సాఫ్ట్‌వేర్ మాన్యువల్ యాభై సైట్లలో ఉంటుంది. వీటన్నిటినీ స్పామ్ అని తీసిపారేస్తే మంచి పేజీలు కూడా వాటితోపాటే పోతాయి.

మరి సెర్చ్ ఇంజన్ ఏం చేస్తుంది? ఒకేలా ఉన్న పేజీలన్నిటినీ ఒక గుంపుగా కడుతుంది. ఆ గుంపులోంచి ఒకదాన్ని ప్రధాన పేజీగా ఎంచుకుంటుంది. దాన్నే కెనానికల్ అంటారు. ఫలితాల్లో సాధారణంగా కనిపించేది అదొక్కటే. మిగతావి తెర వెనకే ఉండిపోతాయి. మీకు నష్టం వచ్చేది ఇక్కడే: గుంపులో మీ పేజీ ఉండి, ఎంపికైంది వేరేవాళ్ల పేజీ అయితే, ఎవరూ మిమ్మల్ని శిక్షించకపోయినా మీరు కనబడరు. గుంపంతా మీ సొంత పేజీలే అయితే, మీరు కోరుకోని యూఆర్ఎల్ (పేజీ చిరునామా) పైకి రావచ్చు.

ఈ గుంపు కట్టే పద్ధతి గురించి కొంచెం తెలుసుకుంటే ముందు ముందు చాలా పొరపాట్లు తప్పుతాయి. 1997లో ఆండ్రీ బ్రోడర్ అనే శాస్త్రవేత్త, పేజీని పక్కపక్కన ఉన్న కొన్నేసి పదాల ముక్కలుగా కోసి, రెండు పేజీల్లో ఎన్ని ముక్కలు కలుస్తున్నాయో లెక్కగట్టే పద్ధతి చెప్పారు. 2002లో మోసెస్ చారికర్ పరిశోధన నుంచి సిమ్‌హ్యాష్ పద్ధతి వచ్చింది. 2007లో గూగుల్‌కు చెందిన పరిశోధకులు దాన్ని 800 కోట్ల పేజీల స్థాయిలో పరీక్షించి చూపించారు. ఒక్కో పేజీ రాత నుంచి 64 సున్నాలు, ఒకట్లతో ఒక చిన్న కోడ్ లెక్కగడతారు, అదే ఆ పేజీకి 64 బిట్ల వేలిముద్ర. రెండు వేలిముద్రల మధ్య తేడా మూడు బిట్లకు మించకపోతే ఆ పేజీలు దాదాపు ఒకటే అని లెక్క. అంటే అక్కడో మాట ఇక్కడో మాట మార్చినా వేలిముద్ర పెద్దగా మారదు. "నాలుగు పదాలు మార్చేస్తే గూగుల్‌కు తెలియదు" అనే సలహా ఎవరిచ్చినా నమ్మకండి.

నిజంగా దెబ్బ తగిలే సందర్భాలూ లేకపోలేదు. 2011 ఫిబ్రవరిలో పాండా అనే గూగుల్ ర్యాంకింగ్ మార్పు వచ్చినప్పుడు అమెరికాలో దాదాపు 12 శాతం సెర్చ్‌ల ఫలితాలు మారిపోయాయి. ఇతరుల రాతలు ఎత్తి పెట్టుకున్న సైట్లు, పైపైన రాసి పేజీలు నింపిన సైట్లు ఒక్కసారిగా కిందికి జారాయి. 2016 నాటికి పాండా గూగుల్ ప్రధాన ర్యాంకింగ్ పద్ధతిలోనే కలిసిపోయింది. 2012 ఆగస్టు నుంచి, ఒక సైట్ మీద సరైన కాపీరైట్ ఫిర్యాదులు ఎక్కువగా వస్తే అది కూడా ర్యాంక్ తగ్గడానికి కారణం కావచ్చని గూగుల్ చెప్పింది. 2024 మార్చిలో స్పామ్ నియమాలను ఇంకా గట్టి చేసింది: ర్యాంకుల కోసమే గుట్టలుగా పేజీలు పుట్టిస్తే, మనిషి రాసినా మెషీన్ రాసినా తప్పే. సొంతంగా ఏమీ చేర్చకుండా ఇతరుల పేజీలను ఎత్తి పెట్టడం కూడా ఆ నియమాల ప్రకారం స్పామే.

మొదటి అడుగు: ఎంత కాపీ ఉందో కళ్లతో చూడండి

మీకు ముఖ్యమైన ఓ పది పేజీలు ఎంచుకోండి. ఒక్కో పేజీ మధ్యలోంచి, మీ మాట తీరు బాగా కనిపించే ఒక వాక్యం తీసుకోండి. టైటిల్, మొదటి పేరా వద్దు, ఎందుకంటే వాటిని చాలామంది పరిచయంగానో లింక్ ఇవ్వడానికో వాడుకుంటారు. ఆ వాక్యాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టి గూగుల్‌లో వెతకండి. పది పన్నెండు పదాలు సరిపోతాయి. 32 పదాలు దాటితే మిగతావాటిని గూగుల్ పట్టించుకోదు. ఫలితాల చివర "ఇలాంటివే మరికొన్ని చూపించలేదు" అనే అర్థం వచ్చే గమనిక కనిపిస్తే దాన్ని తప్పకుండా నొక్కండి. వెనక్కి తోసేసిన కాపీలన్నీ అక్కడే దొరుకుతాయి.

పేజీలు వందల్లో ఉంటే చేత్తో చేయడం కష్టం. బయటి సైట్లలో ఉన్న కాపీల కోసం కాపీస్కేప్, మీ సైట్ లోపలి కాపీల కోసం సైట్‌లైనర్ వాడుకోవచ్చు. అవి చూపించే శాతాలు చూసి మాత్రం కంగారు పడకండి. మెనూలు, ఫుటర్, కింద ఉండే నియమాలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. అసలు వ్యాసం కాపీయా కాదా అన్నది మీరే పేజీ తెరిచి చూడాలి.

దొరికినదంతా ఒక షీట్‌లో మూడు కుప్పలుగా రాసుకోండి: మీ సైట్‌లోనే రెండు మూడు చోట్ల ఉన్నవి, మీరు బయటి నుంచి తెచ్చి పెట్టినవి, మీ దగ్గర్నుంచి ఇతరులు ఎత్తుకెళ్లినవి. ఒక్కో కుప్పకు మందు వేరు. అన్నిటికీ ఒకే మందు వేయబోయి చాలామంది ఉన్న ర్యాంక్ కూడా పోగొట్టుకుంటారు.

రెండో అడుగు: గూగుల్ ఏ పేజీని ఎంచుకుందో అడగండి

ఊహలు అక్కర్లేదు, సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ నేరుగా చెబుతుంది. యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో మీ పేజీ చిరునామా వేయండి. అందులో రెండు వరుసలు ఉంటాయి: మీరు ప్రకటించిన కెనానికల్ ఏది, గూగుల్ ఎంచుకున్న కెనానికల్ ఏది. రెండూ ఒకటే, అదీ మీ పేజీ చిరునామానే అయితే ఆ పేజీకి డూప్లికేట్ సమస్య లేదు. ర్యాంక్ పడటానికి కారణం వేరే చోట వెతకండి.

పేజీ ఇండెక్సింగ్ రిపోర్ట్‌లో "ఆల్టర్నేట్ పేజ్ విత్ ప్రాపర్ కెనానికల్ ట్యాగ్" అని కనిపిస్తే భయపడాల్సిందేమీ లేదు, మీరు చెప్పినట్టే గూగుల్ విన్నదని దాని అర్థం. "డూప్లికేట్ వితౌట్ యూజర్-సెలెక్టెడ్ కెనానికల్" అంటే మీరేమీ చెప్పలేదు కాబట్టి గూగుల్ తనకు తోచింది ఎంచుకుంది. "గూగుల్ చోజ్ డిఫరెంట్ కెనానికల్ దేన్ యూజర్" అంటే మీరు ఒకటి చెప్పారు, గూగుల్ మరొకటి ఎంచుకుంది. ఈ చివరిదాని మీద ఎక్కువ సమయం పెట్టండి. మాన్యువల్ యాక్షన్స్ విభాగం కూడా ఒకసారి తెరవండి. స్పామ్ అని మనిషి చూసి చర్య తీసుకుని ఉంటే అక్కడ రాసి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే, అలాంటి చర్యేమీ మీ సైట్ మీద లేదని నిశ్చింతగా ఉండండి.

మూడో అడుగు: ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం

నేను చూసినంతవరకు కాపీల్లో పెద్ద భాగం ఎవరో దొంగిలించినవి కావు, సైట్ తనంతట తాను పుట్టించుకున్నవి. ఒకే పేజీ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నా తెరుచుకుంటుంది, లేకపోయినా తెరుచుకుంటుంది. హెచ్‌టీటీపీతోనూ వస్తుంది, హెచ్‌టీటీపీఎస్‌తోనూ వస్తుంది. ఇక్కడికే ఒక పేజీకి నాలుగు చిరునామాలయ్యాయి. చివర స్లాష్ ఉన్నది ఒకటి, లేనిది ఒకటి అయితే ఎనిమిది. ప్రకటనల ట్రాకింగ్ కోసం యూఆర్ఎల్ వెనక తగిలించే తోకలు, ధర ప్రకారమో రంగు ప్రకారమో వరస మార్చే ఫిల్టర్లు, ప్రింట్ పేజీలు కలిస్తే ఆ లెక్కకు అంతుండదు.

పాత చిరునామా ఎవరికీ అక్కర్లేకపోతే 301 రీడైరెక్ట్ (అక్కడికి వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్త చిరునామాకు పంపే ఏర్పాటు) పెట్టండి. హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదాని నుంచి లేనిదానికి (లేదా లేనిదాని నుంచి ఉన్నదానికి) ఇదే సరైన పద్ధతి. కనీసం ఏడాదిపాటు ఆ రీడైరెక్ట్ తీయకండి. వీలైతే అలాగే వదిలేయండి.

రెండు చిరునామాలూ పాఠకుడికి కావాల్సినవే అయితే, ఉదాహరణకు ఫిల్టర్ చేసిన పేజీ అయితే, ఏది ప్రధాన పేజీయో గూగుల్‌కు చెప్పే కెనానికల్ ట్యాగ్ వాడండి. 2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి దీన్ని తెచ్చాయి. పేజీ కోడ్‌లోని హెడ్ భాగంలో ఒకే ఒక్క ట్యాగ్, పూర్తి చిరునామాతో ఉండాలి. ఒక్కోసారి థీమ్ ఒకటి పెడుతుంది, ప్లగిన్ మరొకటి పెడుతుంది. అప్పుడు గూగుల్ ఏది నమ్మాలో తేల్చుకోలేక రెండిటినీ వదిలేయవచ్చు. పేజీ సోర్స్ తెరిచి స్వయంగా లెక్కపెట్టండి.

కెనానికల్ అనేది ఆజ్ఞ కాదని గుర్తుంచుకోండి. గూగుల్ దాన్ని ఒక బలమైన సూచనగా మాత్రమే చూస్తుంది. ట్యాగ్ ఒక చిరునామా చెబుతూ, మీ మెనూ లింకులు ఇంకో చిరునామాకు వెళుతూ, సైట్‌మ్యాప్‌లో (మీ పేజీల చిరునామాలన్నీ గూగుల్‌కు ఇచ్చే జాబితాలో) మూడోది ఉంటే మీ మాటకు విలువ ఉండదు. మెనూ, వ్యాసాల మధ్య లింకులు, సైట్‌మ్యాప్, రీడైరెక్ట్‌లు, ట్యాగ్ అన్నీ ఒకే చిరునామా వైపు చూపించాలి. గూగుల్ వేరే పేజీ ఎంచుకుంటోందని బాధపడేవాళ్ల సైట్లలో ఎక్కువసార్లు దొరికే లోపం ఇదే. సగం రోజు కూర్చుంటే సరిచేసుకోవచ్చు.

చేయకూడనివి కూడా చెప్పుకోవాలి. డూప్లికేట్ పేజీలను రోబోట్స్ ఫైల్‌తో (సెర్చ్ ఇంజన్లు ఎక్కడికి రాకూడదో చెప్పే ఫైల్‌తో) అడ్డుకోకండి. గూగుల్ లోపలికే రాలేకపోతే అక్కడున్న కెనానికల్ ట్యాగ్‌ను ఎలా చదువుతుంది? సెర్చ్ కన్సోల్‌లోని రిమూవల్స్ టూల్ ఈ పనికి వాడకండి. అది దాదాపు ఆరు నెలలు దాచిపెడుతుందంతే, అది కూడా ఆ పేజీ అన్ని రూపాలనూ కలిపి దాచేస్తుంది. ఒకే పేజీకి నోఇండెక్స్ (ఈ పేజీని సెర్చ్ ఇండెక్స్‌లో, అంటే గూగుల్ జాబితాలో, చేర్చవద్దని చెప్పే ట్యాగ్), వేరే పేజీని చూపించే కెనానికల్ రెండూ కలిపి పెట్టకండి. పాత వ్యాసాల జాబితాలో (ఆర్కైవ్‌లో) రెండో పేజీ, మూడో పేజీలన్నిటికీ మొదటి పేజీని కెనానికల్‌గా చూపించడం కూడా తప్పే, ఎందుకంటే వాటిలో ఉన్న సరుకు వేరు.

వ్యాసాలకు విషయాన్ని బట్టి తగిలించే ట్యాగుల పేజీల సంగతి త్వరగా చెప్పేస్తాను: ఒక్కో వ్యాసానికి పదిహేను ట్యాగులు పెట్టే అలవాటుంటే మానుకోండి. ఒకే ఒక్క వ్యాసం ఉన్న ట్యాగ్ పేజీలను తీసేయండి, లేదా నోఇండెక్స్ చేయండి. డెవలపర్ పరీక్ష కోసం పెట్టిన నకలు సైట్ ఉంటే పాస్‌వర్డ్ వెనక పెట్టించండి.

నాలుగో అడుగు: బయటి నుంచి తెచ్చినవాటిని నిజాయితీగా తేల్చండి

ఇది కష్టమైన కుప్ప. మీరే కాకపోవచ్చు, డబ్బిచ్చి రాయించుకున్న రైటర్ ఎక్కడినుంచో మక్కికి మక్కి దించి ఉండొచ్చు. ఎలా వచ్చినా మీ పేరుతో ఉంది కాబట్టి సరిచేయాల్సింది మీరే.

కోట్ చేసి, ఎవరిదో చెప్పి, దాని గురించి మీ మాట రాసినవాటిని కదపకండి, అవి కాపీ కిందికి రావు. తయారీదారు ఇచ్చిన ప్రొడక్ట్ వివరణలు వేరే సంగతి. వాటికి శిక్ష లేదు, కానీ అదే వివరణ వంద షాపుల సైట్లలో ఉన్నప్పుడు మీ పేజీనే పైకి ఎందుకు తేవాలన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు. అన్నీ మార్చలేకపోతే ఎక్కువ అమ్ముడయ్యే ఇరవై వస్తువులతో మొదలుపెట్టండి. కొన్నవాళ్లు మిమ్మల్ని పదేపదే అడిగే ప్రశ్నలు, దాన్ని వాడినప్పుడు మీరు గమనించినది, ఎవరికి అది పనికిరాదో, మీరు తీసిన ఫొటోలు చేర్చండి. కొలతల పట్టిక అలాగే ఉన్నా ఫరవాలేదు.

ఇక పూర్తిగా ఎత్తిన వ్యాసాలు. ఆ విషయం మీద మీకు సొంతంగా చెప్పేది ఏమీ లేకపోతే ఆ పేజీ తీసేయండి. పేజీ లేదని చెప్పే 404 గానీ 410 గానీ ఇస్తే చాలు. హోమ్ పేజీకి రీడైరెక్ట్ చేయకండి. సంబంధం లేని పేజీకి పంపితే దాన్ని కూడా గూగుల్ లేనిపేజీగానే చూస్తుంది. చెప్పేది ఉంటే కొత్తగా రాయండి. అసలు వ్యాసం పక్కన తెరిచి పెట్టుకుని వాక్యం వాక్యం మార్చడం రాయడం కాదు. ఆ ట్యాబ్ మూసేయండి. ఈ విషయం తెలియని మనిషి ఎదురుగా కూర్చుంటే ఏం అడుగుతాడో ఐదారు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, ఒక్కోదానికీ మీకు తెలిసింది జవాబుగా రాయండి. తెలియనిచోట ఆగి తెలుసుకోండి. ఇలా రాసిన పేజీ అసలుదానికన్నా పొట్టిగా రావచ్చు, దానివల్ల నష్టం లేదు. గూగుల్‌కు ఇన్ని పదాలుండాలనే లెక్క ఏదీ లేదు.

పదాలు మార్చి కొత్త వ్యాసంలా చూపించే స్పిన్నింగ్ టూల్స్‌ను ముట్టుకోకండి. పైన చెప్పిన వేలిముద్రను ఒకవేళ తప్పించుకున్నా, చదివేవాడికి ఆ వాక్యాలు అర్థం కావు. పైగా అలా తయారుచేయడాన్నే గూగుల్ నియమాలు స్పామ్ అంటున్నాయి. మాన్యువల్ యాక్షన్ పడి ఉంటే, సరిచేయాల్సినవన్నీ పూర్తయ్యాకే, మళ్లీ పరిశీలించమని గూగుల్‌ను కోరే రీకన్సిడరేషన్ రిక్వెస్ట్ పంపండి. ఏం తప్పు జరిగింది, ఏవి తీశారు, ఏవి తిరగరాశారు అన్నది దాచకుండా రాయండి.

ఐదో అడుగు: మీ రాత ఎవరో ఎత్తుకెళ్తే

కడుపు మండుతుంది, నిజమే. అయినా ముందు ఒక్కటి చూడండి: ఆ కాపీ మీకన్నా పైన కనిపిస్తోందా? లేకపోతే గూగుల్ సరిగ్గానే ఎంచుకుంది, మీ ర్యాంక్‌కు ప్రమాదం లేదు. పైన కనిపిస్తుంటే, వాళ్లను తిట్టుకునే ముందు మీ పేజీ పరీక్షించండి. నా వ్యాసం ఒకటి ఇలాగే ఎత్తుకెళ్లిన సైట్ నాకన్నా పైకి వచ్చింది. రెండు రోజులు నిద్రపట్టలేదు. తీరా చూస్తే, డిజైన్ మార్చినప్పుడు పరీక్ష కోసం పెట్టిన నోఇండెక్స్ నా పేజీ మీద అలాగే ఉండిపోయింది. అసలు పేజీ ఇండెక్స్‌లో లేకపోతే గూగుల్ దగ్గర మిగిలింది కాపీ ఒక్కటే. ట్యాగ్ తీసేశాక కొన్ని వారాల్లో నా పేజీ తిరిగి వచ్చింది.

మీ వైపు అంతా బాగుంటే సాక్ష్యం సేకరించండి. రెండు పేజీల స్క్రీన్‌షాట్లు తీయండి, తేదీలు రాసుకోండి, వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో మీ పేజీ పాత ప్రతి ఉందేమో చూడండి. తర్వాత ఆ సైట్ యజమానికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. చాలాసార్లు అక్కడితోనే అయిపోతుంది, ఎందుకంటే ఆ యజమానికి కూడా తన రైటర్ చేసిన పని తెలిసి ఉండదు. జవాబు లేకపోతే హోస్టింగ్ సంస్థకు ఫిర్యాదు చేయండి. పేజీని నెట్ నుంచి తీయించగలిగేది వాళ్లే. గూగుల్ తన ఫలితాల్లోంచి మాత్రమే తీయగలదు.

గూగుల్‌కు పంపే ఫిర్యాదు 1998 నాటి అమెరికా చట్టం డీఎంసీఏ కింద నడుస్తుంది. అది సరదాగా నింపే ఫారం కాదు. ఆ రచన హక్కుదారు మీరేనని, లేదా వారి తరఫున మాట్లాడే అధికారం మీకుందని చట్టం ముందు ప్రమాణపూర్వకంగా చెబుతున్నారు. అవతలివాళ్లు కౌంటర్ నోటీసు ఇవ్వవచ్చు. అప్పుడు మీరు కోర్టుకు వెళ్లకపోతే సాధారణంగా 10 నుంచి 14 పనిదినాల్లో ఆ పేజీ తిరిగి రావచ్చు. మీ ఫిర్యాదు వివరాలు లూమెన్ అనే పబ్లిక్ డేటాబేస్‌లో కూడా చేరవచ్చు. నిజంగా మీదైనదానికే వాడండి. పోటీ సైట్‌ను దింపడానికి అబద్ధపు ఫిర్యాదు పెట్టడం నేరం కూడా కావచ్చు.

ముందు జాగ్రత్తగా మూడు పనులు చేసుకోండి: ప్రతి పేజీకి దాని సొంత చిరునామానే కెనానికల్‌గా పెట్టండి, వ్యాసాల మధ్య లింకులు పూర్తి చిరునామాతో ఇవ్వండి, ఫీడ్‌లో (సైట్ కొత్త వ్యాసాలను ఆటోమేటిక్‌గా బయటికి పంపే ఫైల్‌లో) వ్యాసం మొత్తం కాకుండా సారాంశం పంపండి. మెషీన్‌తో ఎత్తేవాళ్లు చాలామంది లింకులు కూడా అలాగే దించేస్తారు. అప్పుడు వాళ్ల కాపీయే మీ పేజీవైపు దారి చూపిస్తుంది.

మీరే అనుమతి ఇచ్చి వేరే సైట్‌లో మీ వ్యాసం వేయిస్తుంటే, ఆ సైట్ తన పేజీకి నోఇండెక్స్ పెట్టేలా ముందే ఒప్పందం చేసుకోండి. ఒకప్పుడు కెనానికల్ ట్యాగ్ చాలనేవారు. 2023లో గూగుల్ ఆ సలహా మార్చుకుంది. రెండు సైట్ల పేజీల్లో చుట్టూ ఉండే సరుకు వేరుగా ఉంటుంది కాబట్టి ఆ ట్యాగ్‌ను నమ్ముకోలేం. ఇంకో భాషలోకి జాగ్రత్తగా చేసిన అనువాదాన్ని మాత్రం డూప్లికేట్‌గా చూడరు. రెండు భాషల పేజీలకు, ఏది ఏ భాషదో చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగులు పెడితే సరిపోతుంది.

తర్వాత ఎదురు చూడటం

మార్పులు చేసిన రోజు తేదీ మీ షీట్‌లో రాసుకోండి. ముఖ్యమైన పేజీలకు యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ఇండెక్సింగ్ కోసం రిక్వెస్ట్ పెట్టండి. మిగతావాటికి సైట్‌మ్యాప్ చాలు. కొన్ని పేజీలు రోజుల్లో మారతాయి, కొన్నిటికి వారాలు పడుతుంది, సైట్ మొత్తం మీద పడిన ప్రభావం పోవడానికి నెలలు కూడా పట్టవచ్చు. ఈలోపు మళ్లీ కెనానికల్ మార్చడం, రీడైరెక్ట్ తిప్పడం చేయకండి. గూగుల్ మొదటి మార్పు చూసేలోపు రెండోది చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. వారానికొకసారి ఆ పది పేజీలనూ ఇన్‌స్పెక్షన్‌లో వేసి, గూగుల్ ఎంచుకున్న కెనానికల్ వరుసలో మీరు కోరుకున్న చిరునామా వచ్చిందో లేదో షీట్‌లో రాసుకుంటూ వెళ్లండి. అది వచ్చిన పేజీని జాబితాలోంచి తీసేసి, తర్వాతి పది పేజీలు మొదలుపెట్టండి.